వ్యాయామం చేయాలని ఉన్నా ఎందుకు చేయలేకపోతాం?

వ్యాయామం మంచిదని తెలియనివాళ్లు ఇప్పుడు దాదాపు ఎవరూ లేరు. గుండెకు మంచిది, షుగర్ అదుపులో ఉంటుంది, నిద్ర బాగా పడుతుంది, మనసు తేలికపడుతుంది. డాక్టర్లు చెబుతారు, ఇంట్లోవాళ్లు పోరుతారు, చేతిలోని ఫోన్ కూడా గుర్తు చేస్తుంది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో విడుదల చేసిన లెక్కల ప్రకారం, 2022లో ప్రపంచంలోని వయోజనుల్లో 31 శాతం మందికి, అంటే సుమారు 180 కోట్ల మందికి, ఉండాల్సినంత శారీరక శ్రమ లేదు. ఇంతమంది తెలియక ఆగిపోయారంటే నమ్మలేం.

పోనీ, చేయాలన్న కోరిక లేక ఆగిపోయారా అంటే అదీ కాదు. వ్యాయామం చేస్తామని గట్టిగా అనుకున్నవాళ్లలో చివరికి ఎంతమంది చేశారని పరిశీలించిన పలు అధ్యయనాలను రోడ్స్, డి బ్రుయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో కలిపి చూశారు. అనుకున్నవాళ్లలో 46 శాతం మంది చేయలేకపోయారని తేలింది. దాదాపు సగం మంది! వీళ్లంతా వ్యాయామం వద్దనుకున్నవాళ్లు కారు. కావాలనుకుని, నిర్ణయం తీసుకుని, ఆ తర్వాత ఆగిపోయినవాళ్లు.

అంటే, "నాకు మోటివేషన్ లేదు" అని మనం చెప్పుకునే మాటలో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, ఆరోగ్యంగా ఉండాలన్న కోరిక. రెండోది, ఇప్పుడు, ఈ నిమిషంలో కుర్చీలోంచి లేవడానికి కావలసిన ఊపు. మొదటిది చాలామందిలో నిండుగా ఉంది. రెండోది దొరకడం లేదు. అది దొరికేదాకా ఆగుదాం, దొరికాక మొదలుపెడదాం అనుకోవడమే అసలు చిక్కు అని నేను నమ్ముతున్నాను. ఎందుకంటే ఆ ఊపు చాలావరకు పని మొదలయ్యాకే పుడుతుంది. ఆ పని ఒంటికి ఎలా అనిపించిందన్న దాన్ని బట్టి మర్నాడు పెరుగుతుంది, లేదా చచ్చిపోతుంది.

బద్ధకం ఎక్కడి నుంచి వచ్చింది

ముందు ఒక అపరాధ భావాన్ని పక్కన పెట్టాలి. వ్యాయామం చేయని మనిషి తనను తాను సోమరి అని తిట్టుకుంటాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మానవ పరిణామాన్ని అధ్యయనం చేసే డేనియల్ లీబర్‌మన్ చాలాకాలంగా చెబుతున్న మాట వేరు. మనిషి లక్షల ఏళ్లు తిండి కోసం నడిచాడు, తవ్వాడు, మోశాడు, వేటాడాడు. తిండి దొరకడమే కష్టమైన ఆ రోజుల్లో, అవసరం లేకుండా శక్తిని ఖర్చు చేసినవాడు నష్టపోయేవాడు. అందుకే పని లేనప్పుడు కూర్చోమని ఒళ్లు చెబుతుంది. టాంజానియాలో నేటికీ వేట మీద, అడవిలో దొరికే దుంపలూ పళ్ల మీద ఆధారపడి బతికే హాడ్జా ప్రజల కదలికలను పరికరాలతో కొలిచి 2020లో ప్రచురించారు. వాళ్లు మనకన్నా ఎన్నో రెట్లు చురుకైనవాళ్లు. అయినా రోజులో దాదాపు 10 గంటలు విశ్రాంతిగా గడుపుతున్నారు. అవకాశం దొరికితే వాళ్లూ కూర్చుంటారు.

తేడా ఒక్కటే. వాళ్లు లేవకపోతే పూట గడవదు. మనకు గడుస్తుంది. లిఫ్ట్ ఉంది, బండి ఉంది, కూర్చున్న చోటికే సరుకులు వస్తాయి. ఆరోగ్యం కోసం మాత్రమే, ఏ పనీ లేకుండా, కావాలని ఒళ్లు అలసిపోయేలా చేసుకోవడం మనిషి చరిత్రలో చాలా కొత్త సంగతి. అది సహజంగా రాకపోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

వ్యాయామానికీ గుండెకూ ఉన్న సంబంధాన్ని మొట్టమొదట లెక్కలతో చూపించిన పరిశోధనల్లో ఒకటి దీన్నే మరో వైపు నుంచి చెబుతుంది. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో పనిచేసేవాళ్లపై జెర్రీ మోరిస్ అనే వైద్యుడు తన బృందంతో చేసిన అధ్యయనం 1953లో వెలువడింది. డ్రైవర్లు రోజంతా సీట్లో కూర్చుంటారు. కండక్టర్లు టికెట్లు ఇస్తూ రోజంతా మెట్లు ఎక్కి దిగుతారు. గుండెజబ్బులు కండక్టర్లలో తక్కువగా కనిపించాయి. డ్రైవర్లు మొదటి నుంచే కాస్త లావుగా ఉండేవాళ్లని తర్వాత యూనిఫాం సైజులు చూసి మోరిస్ బృందమే గుర్తించింది. అందుకే ఆయన అక్కడితో ఆగక, వేరే ఉద్యోగుల్లో కూడా ఏళ్ల తరబడి పరిశీలించి తన వాదనను నిలబెట్టుకున్నారు. నాకు ఈ కథలో ముఖ్యంగా తోచేది మరొకటి. ఆ కండక్టర్లలో ఎవరూ ఆరోగ్యం కోసం మెట్లు ఎక్కలేదు. ఎవరికీ మోటివేషన్ అవసరం పడలేదు. వాళ్ల రోజు కదలిక లేకుండా గడవని విధంగా ఉంది, అంతే.

సంకల్పబలం మీద పెట్టుకున్న ఆశ

మరి గట్టి సంకల్పం ఉంటే చాలదా? చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా సంకల్పబలాన్ని వాడుతుంటే తరిగిపోయే నిల్వలా చూశారు. రాయ్ బామైస్టర్ బృందం 1998లో ప్రచురించిన ప్రయోగాలు ఈ ఆలోచనకు పెద్ద పేరు తెచ్చాయి. కానీ 2016లో 23 ప్రయోగశాలలు కలిసి, 2,000 మందికి పైగా మనుషులతో అలాంటి ప్రయోగాన్నే మళ్లీ చేస్తే ప్రభావం దాదాపు సున్నా వచ్చింది. ఆ చర్చ ఇంకా తేలలేదు గానీ, "సాయంత్రానికి నా సంకల్పం అయిపోయింది" అని చెప్పుకోవడానికి అంత బలమైన ఆధారం మాత్రం లేదు.

దీనికన్నా పనికొచ్చే సంగతి వేరే అధ్యయనాల్లో దొరికింది. మనోనిగ్రహం ఎక్కువ ఉన్నవాళ్ల రోజువారీ జీవితాన్ని దగ్గరగా గమనిస్తే, వాళ్లు ప్రలోభాలతో పోరాడి గెలవడం కన్నా, అసలు పోరాటమే అవసరం లేకుండా బతకడం ఎక్కువ. గల్లా, డక్‌వర్త్ 2015లో ప్రచురించిన పరిశోధన కూడా ఇదే వైపు చూపింది: నిగ్రహం ఉన్నవాళ్లకు మంచి ఫలితాలు వస్తున్నది ఎక్కువగా వాళ్ల అలవాట్ల ద్వారానే. తెల్లవారుజామున పరుగెత్తే మనిషిని చూసి "ఎంత సంకల్పమో" అనుకుంటాం. బహుశా ఆ మనిషి ఆ రోజు సంకల్పాన్ని పెద్దగా వాడే ఉండడు. లేచాడు, బూట్లు వేసుకున్నాడు, బయటికి వెళ్లాడు. మధ్యలో "వెళ్లనా, మాననా" అన్న ప్రశ్నే రాలేదు.

ఆ ప్రశ్న రానంతగా ఒక పని రోజులో భాగమైపోవాలంటే అది చాలాసార్లు జరగాలి. చాలాసార్లు జరగాలంటే అది మరీ బాధాకరంగా ఉండకూడదు. చాలా సలహాలు దాటవేసేది సరిగ్గా ఇక్కడే.

చేస్తున్నంతసేపూ ఎలా ఉంది?

వ్యాయామం గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ ఫలితాల గురించే మాట్లాడతాం. ఆరు నెలలకు ఎలా ఉంటుంది, పదేళ్లకు ఏం తప్పుతుంది. కానీ రేపు మళ్లీ వెళ్తామా లేదా అన్నదాన్ని ఎక్కువగా నిర్ణయించేది ఈ రోజు ఆ అరగంట ఎలా గడిచిందన్నది. పాంటెలైమాన్ ఎక్కెకాకిస్ అనే పరిశోధకుడు ఇరవై ఏళ్లకు పైగా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే పనిచేశారు.

ఆయన, ఆయనతో పనిచేసినవాళ్లు చూపింది ఇది. శ్రమ తక్కువగా ఉన్నంతసేపు చాలామందికి బాగానే ఉంటుంది. శ్రమ పెరుగుతూ పోతే ఒక దశలో ఊపిరి ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. పూర్తి వాక్యం మాట్లాడటం కష్టమవుతుంది. ఆ గీత దాటాక దాదాపు అందరికీ లోపల నుంచి "ఆపెయ్" అన్న భావనే వస్తుంది. వ్యాయామం ఎంత మంచిదో తెలిసినా ఆ భావన మారదు. అది తర్కం కాదు, ఒళ్లు పంపే సంకేతం.

ఇప్పుడు ఈ గీత ఎక్కడ ఉందో చూడండి. బాగా అలవాటున్నవాడికి అది చాలా పైన ఉంటుంది, పరుగెత్తినా దాటడు. ఏళ్లుగా కదలనివాడికి, బరువు ఎక్కువున్నవాడికి అది చాలా కింద ఉంటుంది. కాస్త వడిగా నడిస్తేనే దాటేస్తాడు. అంటే ఒకే నడక ఒకడికి హాయి, ఇంకొకడికి నరకం. ఎవరికి వ్యాయామం అందరికన్నా ఎక్కువ అవసరమో, వాళ్లకే అది అందరికన్నా ఎక్కువ కష్టంగా అనిపిస్తుంది. "నాకు బాగుంటుంది, నీకెందుకు బాగోదు?" అని రోజూ పరుగెత్తే స్నేహితుడు అడిగేది నిజాయితీగానే. కానీ ఇద్దరి ఒంట్లో జరుగుతున్నది ఒకటి కాదు.

ఇలాంటి స్థితిలో ఉన్న మనిషి, ఎన్నాళ్ల తర్వాతో ఒకరోజు ఉద్వేగం వచ్చి, మొదటి రోజే గంటసేపు ఒళ్లు హూనం చేసుకుంటాడు. ఆ గంటలో ఎక్కువ భాగం గీతకు అవతలే గడుస్తుంది. మర్నాడు, ఆ మర్నాడు కండరాలు పట్టేస్తాయి. అలవాటు లేని శ్రమ తర్వాత నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండటం మామూలే. మనసు దీన్నంతా భద్రంగా దాచుకుంటుంది. నాలుగో రోజు బూట్ల వైపు చూడగానే ఏదో అయిష్టం. అతను దాన్ని బద్ధకం అనుకుంటాడు. నిజానికి అది బాధను గుర్తుపెట్టుకున్న తెలివి. మనం ఆరంభశూరత్వం అని తేలిగ్గా తీసిపారేసేదాంట్లో చాలా భాగం ఇలా మొదటి రోజే తగిలిన దెబ్బ అని నాకు గట్టిగా అనిపిస్తుంది. చిన్నప్పుడు స్కూల్లో తప్పు చేస్తే గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించిన జ్ఞాపకం ఉన్నవాళ్లకు ఆ దెబ్బ ఇంకా పాతది. శ్రమను శిక్షగా వాడినప్పుడు పిల్లలు నేర్చుకునేది అదే: శ్రమ అంటే శిక్ష.

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. మాట్లాడుతూ చేయగలిగినంత వేగంలో ఉండటం. నడుస్తూ పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యాలు చెప్పగలుగుతున్నారా? అయితే గీతకు ఇవతలే ఉన్నారు. చెప్పలేకపోతే నెమ్మదించండి. మొదటి కొన్ని వారాలు "ఇంకొంచెం చేయగలిగేవాణ్ణే" అనిపించే చోట ఆపేయడంలో నష్టం లేదు, లాభమే ఉంది. వారాలు గడిచేకొద్దీ గీత దానంతటదే పైకి జరుగుతుంది. నిన్న ఆయాసం తెప్పించిన వేగం ఒకరోజు మామూలైపోతుంది.

ఇంకో చిన్న కిటుకు కూడా ఉంది. జకరీ జెంకో, ఎక్కెకాకిస్ తదితరులు 2016లో ప్రచురించిన ప్రయోగంలో 46 మందితో 15 నిమిషాలు సైకిల్ తొక్కించారు. కొందరికి శ్రమ తక్కువతో మొదలై పెరుగుతూ పోయింది. కొందరికి ఎక్కువతో మొదలై తగ్గుతూ వచ్చింది. తగ్గుతూ వచ్చినవాళ్లకు ఆ వ్యాయామం హాయిగా గుర్తుండిపోయింది, వారం తర్వాత అడిగినా సరే. గుండె సంబంధమైన భద్రత కోసం వార్మప్ ఎలాగూ తప్పదు. ఆ తర్వాత కష్టమైన భాగాన్ని ముందు ముగించి, చివరి పావుగంట తేలిగ్గా ఉంచుకుంటే మనసులో మిగిలేది ఆ తేలికే.

అయితే మొదలుపెట్టే ముందు మన అంచనా కూడా మనల్ని మోసం చేస్తుంది. 2011లో రూబీ, డన్ బృందం చేసిన అధ్యయనంలో, వ్యాయామం ఎలా ఉండబోతోందని ముందే అడిగితే జనం నిజంగా ఆనందించినదానికన్నా తక్కువగా ఊహించారు. కారణం, ఊహ మొదటి కొద్ది నిమిషాల మీదే ఆగిపోతుంది. ఒళ్లు వేడెక్కని ఆ నిమిషాలు నిజంగానే చిరాగ్గా ఉంటాయి. తర్వాతవి అలా ఉండవు. "పది నిమిషాలు చేస్తా, అప్పటికీ బాగోకపోతే ఇంటికొచ్చేస్తా" అని తనకు తాను చెప్పుకోవడం ఇందుకే పనిచేస్తుంది. వచ్చేసినా ఫర్వాలేదు. ఆ మాట నిజాయితీగా చెప్పుకోవాలి, లేకపోతే రెండోసారి మనసు నమ్మదు.

ఎందుకు చేస్తున్నాం అన్న ప్రశ్న

"బరువు తగ్గాలి" అన్నది అందరూ చెప్పే కారణం. నా ఉద్దేశంలో వ్యాయామానికి ఇంతకన్నా బలహీనమైన కారణం లేదు. బరువు ఎక్కువగా తిండి మీద ఆధారపడుతుంది. ఒక్క వ్యాయామంతో తగ్గే బరువు మనం ఆశించినదానికన్నా తక్కువ. నెలరోజులు కష్టపడి తూకం చూసుకుంటే ముల్లు పెద్దగా కదలదు. అప్పటికే రక్తపోటు మెరుగై ఉండొచ్చు, నిద్ర మారి ఉండొచ్చు, మెట్లు ఎక్కితే ఆయాసం తగ్గి ఉండొచ్చు. కానీ చూసింది ముల్లునే కాబట్టి "దండగ" అనిపిస్తుంది, మానేస్తారు. నిజంగా ఫలిస్తున్న పనిని ఫలించలేదనుకుని వదిలేయడం కన్నా బాధాకరమైనది ఏముంటుంది?

మిచెల్ సెగర్ అనే పరిశోధకురాలు మధ్యవయసు మహిళల్లో చేసిన అధ్యయనాల్లో, ఒంటి ఆకారం, బరువు కోసం వ్యాయామం చేసేవాళ్లు ఇతర కారణాలతో చేసేవాళ్లకన్నా తక్కువ చురుగ్గా ఉన్నారు. పదేళ్ల తర్వాత రాబోయే జబ్బు తప్పుతుందన్నది మంచి కారణమే, కానీ అది దూరాన ఉంది. ఈ రోజు మధ్యాహ్నం తల బరువు తగ్గుతుంది, రాత్రి త్వరగా నిద్ర పడుతుంది, ఆఫీసు టెన్షన్ కాసేపు వదులుతుంది అన్నది ఈ రోజే చేతికందుతుంది. మనసు అందేదాని వైపే కదులుతుంది.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ రూపొందించిన సిద్ధాంతం ఒకటి ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. మనిషి ఒక పనిలో నిలబడాలంటే మూడు కావాలంటారు వాళ్లు: అది తను ఎంచుకున్నదన్న భావన, అందులో తనకు చేతనవుతోందన్న భావన, తోటి మనుషులతో అనుబంధం. ఈ మూడింటినీ దగ్గర పెట్టుకుని చూస్తే చాలా వైఫల్యాలు అర్థమవుతాయి. డాక్టర్ భయపెడితేనో, భార్యో భర్తో దెప్పితేనో మొదలైన వ్యాయామంలో మొదటిది ఉండదు. తన స్థాయికి మించిన గుంపులో చేరినవాడికి రెండోది ఉండదు. గదిలో ఒంటరిగా వీడియో చూస్తూ చేసేవాడికి మూడోది దొరకడం కష్టం. ఎవరికైనా పరుగు నచ్చకపోతే పరుగెత్తాల్సిన పని లేదు. డాన్స్, ఈత, యోగా, బరువులు, బ్యాడ్మింటన్, తోటపని, ఊరికే నడక, ఏదైనా సరే. "అన్నిటికన్నా మంచి వ్యాయామం ఏది" అని వెతికే బదులు "ఏది చేస్తే రేపు కూడా చేయాలనిపిస్తుంది" అని వెతకడం మేలు.

ఎప్పుడు, ఎక్కడ

2002లో బ్రిటన్‌లో మిల్న్, ఆర్బెల్, షీరన్ అనే ముగ్గురు 248 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం ఈ మొత్తం విషయంలో నన్ను అందరికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది. ఒక బృందానికి ఏమీ చెప్పలేదు. రెండో బృందానికి వ్యాయామం గుండెజబ్బును ఎలా తగ్గిస్తుందో వివరించే, ప్రేరణ కలిగించే సమాచారం ఇచ్చారు. మూడో బృందానికి ఆ సమాచారంతో పాటు, వచ్చే వారం ఏ రోజు, ఏ సమయానికి, ఎక్కడ వ్యాయామం చేస్తారో రాయమన్నారు. తర్వాతి వారంలో కనీసం ఒక్కసారి 20 నిమిషాలు గట్టిగా వ్యాయామం చేసినవాళ్లు మొదటి బృందంలో 38 శాతం. ప్రేరణ అందుకున్న రెండో బృందంలో 35 శాతం. రోజు, సమయం, చోటు రాసుకున్న మూడో బృందంలో 91 శాతం.

రెండో బృందాన్ని మరోసారి చూడండి. ప్రేరణ కలిగించే మాటలు వాళ్లలో కోరికను పెంచాయి, చేతలను పెంచలేదు. మనం ఫోన్‌లో చూసే మోటివేషన్ వీడియోలు కూడా చాలావరకు ఇలాగే పనిచేస్తాయి. చూస్తున్నంతసేపు ఒళ్లు పులకరిస్తుంది, లేచి నడిచేది మాత్రం ఉండదు. ఇది చిన్న ప్రయోగం, ఒక్క వారానిది, విద్యార్థులు తాము చెప్పిన లెక్క. అంత పెద్ద తేడా ప్రతిచోటా రాదు. కానీ పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టిన ఈ తరహా పరిశోధన అంతా ఒకే దిశను చూపుతోంది. "రేపటి నుంచి చేస్తా" అన్న మాటలో సమయం లేదు, చోటు లేదు, కాబట్టి ఆ మాటను గుర్తు చేసేది కూడా ఏదీ లేదు. "ఉదయం పిల్లల్ని బడికి పంపి, మళ్లీ ఇంట్లోకి వెళ్లకుండా అటునుంచి అటే ఇరవై నిమిషాలు నడుస్తా" అన్నదాంట్లో అన్నీ ఉన్నాయి.

అలవాటుకు ఎన్ని రోజులు

21 రోజులు అని అందరూ చెబుతారు. ఆ అంకె మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటుపడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని 1960లో ఒక పుస్తకంలో రాశారు. "కనీసం" అన్న మాట పోయింది, ముఖం అన్న సందర్భం పోయింది, అంకె మిగిలింది. 2010లో లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందితో 12 వారాల పాటు నిజంగా కొలిచింది. ఒక పని అప్రయత్నంగా జరిగే స్థితికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు, కొందరికి 18, కొందరికి లెక్క ప్రకారం 254. తినడం, తాగడం లాంటి వాటికన్నా వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. కాబట్టి నాలుగో వారంలో కూడా ఇంకా కష్టంగానే ఉందంటే మీలో లోపమేమీ లేదు.

అదే అధ్యయనంలో మరో మంచి వార్త ఉంది. ఒకరోజు తప్పిపోయినంత మాత్రాన అలవాటు ఏర్పడటం దెబ్బతినలేదు. మనుషులు దెబ్బతినేది తప్పిన రోజు వల్ల కన్నా, ఆ రోజుకు తాము ఇచ్చుకున్న అర్థం వల్ల. "పోయింది, ఇక ఈ నెల అంతా పోయినట్టే, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి చూద్దాం" అనుకుంటాం. జ్వరం, ప్రయాణం, పిల్లల పరీక్షలు, ఆఫీసులో పని పెరగడం, ఇవి రాని జీవితం ఎవరికీ ఉండదు. విరామం వస్తుందని ముందే ఒప్పుకుని, వచ్చాక ఎలా తిరిగి మొదలుపెట్టాలో కూడా ప్లాన్‌లోనే ఉంచుకోవాలి.

ఇది ఊరడింపు మాట కాదు. 2021లో నేచర్ పత్రికలో వచ్చిన ఓ భారీ అధ్యయనంలో కేటీ మిల్క్‌మన్ తదితరులు అమెరికాలోని ఒక జిమ్ గొలుసుకు చెందిన 61,293 మంది సభ్యుల మీద నాలుగు వారాల పాటు 50కి పైగా పద్ధతులను ఒకేసారి పరీక్షించారు. దాదాపు సగం పద్ధతులు జిమ్‌కు రావడాన్ని 9 నుంచి 27 శాతం దాకా పెంచాయి. అన్నిటికన్నా బాగా పనిచేసింది, ఒకసారి తప్పిపోయిన మనిషి మళ్లీ వచ్చినప్పుడు అదనంగా ఇచ్చిన చిన్న బహుమతి. తప్పడాన్ని శిక్షించకుండా తిరిగి రావడాన్ని గౌరవించడం. అయితే నాలుగు వారాలు ముగిశాక కూడా ప్రభావం నిలిచినవి 8 శాతం పద్ధతులే. అంటే కిటుకులు ఊతమిస్తాయి, ఊతం తీసేస్తే చాలావరకు పని ఆగిపోతుంది. ఇష్టమైన ఆడియో కథలను జిమ్‌లో మాత్రమే వినే ఏర్పాటును మిల్క్‌మన్ అంతకుముందు 2014లో పరీక్షించినప్పుడూ అంతే. మొదట్లో హాజరు బాగా పెరిగింది, మధ్యలో సెలవులు వచ్చాక ఆ తేడా కరిగిపోయింది. సెలవుల తర్వాత ఆ ఏర్పాటును మళ్లీ కొత్తగా మొదలుపెట్టాలి, అంతకన్నా దాచిన రహస్యం ఏదీ లేదు.

ఎంత చేస్తే చాలు

కొండంత లక్ష్యం చూసి మొదలుపెట్టకుండానే ఆగిపోయేవాళ్లు చాలామంది. రోజుకు 10,000 అడుగులన్నది అలాంటి ఒక కొండ. 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరుకు పెట్టిన పేరులోంచి ఆ అంకె ప్రపంచమంతా పాకింది. సగటు వయసు 72 ఏళ్లున్న దాదాపు 17,000 మంది అమెరికన్ మహిళల్ని పరిశీలించి ఐ-మిన్ లీ బృందం 2019లో ప్రచురించిన ఫలితాల్లో, రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలోనే మరణాలు గణనీయంగా తక్కువగా ఉన్నాయి. 7,500 దగ్గర ఆ లాభం పెరగడం ఆగింది. తైవాన్‌లో 4 లక్షల మందికి పైగా మనుషుల్ని సగటున 8 ఏళ్లు గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు పావుగంట మధ్యస్థ వ్యాయామం చేసేవాళ్లలో మరణాల రేటు అసలు చేయనివాళ్ల కన్నా 14 శాతం తక్కువ. ఇలాంటి అధ్యయనాల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ నడవడం కూడా కొంత కలిసి ఉంటుంది. అయినా దిశ స్పష్టం: సున్నా నుంచి కొంచెం దాకా వెళ్లడంలోనే పెద్ద లాభం ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ, వారంలో రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలని అంటాయి. ఒక్కో విడత కనీసం 10 నిమిషాలు ఉండాలన్న పాత నియమాన్ని ఆ ఏడాదే తీసేశారు. మెట్లు ఎక్కిన రెండు నిమిషాలూ లెక్కలోకి వస్తాయి. వయసు మీరిపోయిందనుకునేవాళ్లకు ఒక్క మాట. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన 20 ఏళ్ల యువకుల్ని మూడు వారాలు మంచం దిగకుండా ఉంచితే వాళ్ల దమ్ము దారుణంగా పడిపోయింది. 30 ఏళ్ల తర్వాత ఆ ఐదుగురినే మళ్లీ పరీక్షించారు. మూడు దశాబ్దాల వయసు చేసిన నష్టం, ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమంత కూడా లేదు. ఆ తర్వాత ఆరు నెలలు క్రమంగా శిక్షణ ఇస్తే, వయసుతో కోల్పోయిన దమ్ము వాళ్లకు తిరిగి వచ్చింది.

చేయలేని పరిస్థితులు

ఇదంతా చదివి "నాకు ఆ పావుగంట కూడా లేదు" అనేవాళ్లు ఉంటారు. వాళ్లలో చాలామంది నిజమే చెబుతున్నారు. రెండు షిఫ్టులు పనిచేసే మనిషికి, మంచాన పడ్డవాళ్లను చూసుకునే మనిషికి, చీకటి పడితే బయట నడవడం క్షేమం కాని చోట ఉండే ఆడవాళ్లకు "మనసుంటే మార్గముంటుంది" అని చెప్పడం అన్యాయం. ఆ ఇంట్లో మిగతావాళ్లు వారంలో మూడుసార్లు అరగంట ఆ పనిని తమ మీద వేసుకుంటే, వంద సలహాల కన్నా ఎక్కువ మేలు. నడవడానికి కాలిబాట, వెలుతురు ఉండటం కూడా ఆరోగ్య విషయమే. దాన్ని మనుషుల సంకల్పం ఖాతాలో వేయకూడదు.

మరికొందరికి లేనిది సమయం కాదు. ఏ పని మీదా ఇష్టం పుట్టదు, ఒకప్పుడు నచ్చినవి కూడా చప్పగా ఉంటాయి, రెండు వారాలకు పైగా దిగులు వదలదు, నిద్ర, ఆకలి తారుమారవుతాయి. ఇది బద్ధకం కాదు, డిప్రెషన్ కావచ్చు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, సరిగా నిద్రపోనివ్వని గురక జబ్బు కూడా మనిషిని ఇలాగే నీరసంలో ముంచుతాయి. ఇలాంటప్పుడు ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, బూట్లు తర్వాత. అలాగే ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండెజబ్బు చరిత్ర ఉన్నవాళ్లు కూడా.

డిప్రెషన్ విషయంలో వ్యాయామానికి మంచి ఆధారమే ఉంది. 218 ప్రయోగాలను కలిపి 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన విశ్లేషణలో నడక లేదా జాగింగ్, యోగా, బరువులు ఎత్తడం లాంటివి డిప్రెషన్ లక్షణాలను చెప్పుకోదగ్గంత తగ్గించాయి. కానీ ఆ జబ్బు ముందుగా దోచుకునేది వ్యాయామానికి కావలసిన ఊపునే. అందుకే మానసిక చికిత్సలో ఒక పద్ధతి ఈ వరుసనే తిరగేస్తుంది. మూడ్ బాగయ్యేదాకా ఆగకుండా, చికిత్సకుడితో కలిసి చాలా చిన్న పనులను వారం పట్టికలో రాసుకుంటారు. మూడ్ ఎలా ఉన్నా ఆ సమయానికి ఆ పని చేస్తారు. తర్వాత ఎలా అనిపించిందో పక్కన రాస్తారు. 440 మంది రోగులతో జరిగి 2016లో లాన్సెట్‌లో వచ్చిన పరీక్షలో, ఈ సాదా పద్ధతి ఆలోచనల తీరును మార్చడం మీద పనిచేసే, పేరున్న కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి తీసిపోలేదు.

ఆ పట్టికలో మొదటి వారం ఉండేది అరగంట జాగింగ్ కాదు. "మంగళవారం ఉదయం ఎనిమిదింటికి వీధి చివరిదాకా వెళ్లి రావడం" లాంటిది. ఇంట్లో అలాంటి మనిషి ఉంటే ఆ ఉదయం "వెళ్లావా?" అని అడగకండి. ఎనిమిదింటికి మీరూ చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడండి.